బ్యాటు కొనేముందు చెక్కను చదవండి

విద్యార్థులారా! మీలో చాలామంది మొదటిసారి పట్టుకున్న బ్యాటు కొబ్బరి మట్టను చెక్కి చేసినదో, ఊళ్ళో వడ్రంగి మిగిలిపోయిన చెక్కతో చేసి ఇచ్చినదో అయి ఉంటుంది. రబ్బరు బంతితో వీధిలో ఆడుకున్నంత కాలం అది చాలు. హైస్కూలు జట్టులో చేరి, తోలు బంతిని ఎదుర్కోవలసి వచ్చినప్పుడు మాత్రం ‘అసలు’ బ్యాటు కావాలి. దానికోసం ఆటసామాన్ల కొట్టుకు వెళితే కళ్ళు తిరుగుతాయి. ఒక బ్యాటు ఆరేడు వందలు. దాని పక్కనే ఉన్నది రెండు వేలు. అద్దాల బీరువాలో పెట్టినది ముప్పై వేలకు పైనే. పొడవు ఒకటే, వెడల్పు ఒకటే, ఆకారం ఒకటే. మరి ఇంత తేడా దేనికి?

తేడా చెక్కలో ఉంది. ఆ చెక్క ఏమిటో, బంతి తగిలినప్పుడు అందులో ఏం జరుగుతుందో తెలిస్తే, మీ చేతిలో ఉన్న కొద్ది డబ్బుతోనే మంచి బ్యాటును ఎంచుకోవచ్చు. తెలియకపోతే చెక్కకు బదులు స్టిక్కరును కొనుక్కుని వస్తారు. ఈ పాఠంలో చెక్కను చదవడం నేర్చుకుందాం.

నియమాలు ఏమంటున్నాయి?

ముందుగా ఒక సంగతి. ఎంత ఖరీదైన బ్యాటైనా నియమాలను దాటిపోలేదు. 1771లో ఇంగ్లండులో థామస్ వైట్ అనే ఆటగాడు వికెట్లంత వెడల్పున్న బ్యాటుతో ఆటకు దిగాడు. ఇక అతడిని బౌల్డ్ చేయడం ఎలా? ఎదుటి జట్టువారు అభ్యంతరం చెప్పారు. ఆ తర్వాత బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలకు, అంటే 10.8 సెంటీమీటర్లకు మించరాదని నిర్ణయించారు. ఆ కొలత నేటికీ మారలేదు. మొత్తం పొడవు 38 అంగుళాలు, అంటే సుమారు 96.5 సెం.మీ. దాటకూడదు. 2017 నుంచి మందానికి కూడా హద్దు పెట్టారు. బ్లేడు ఎక్కడా 6.7 సెం.మీ. కంటే, అంచు 4 సెం.మీ. కంటే మందంగా ఉండరాదు.

బ్లేడు చెక్కతోనే ఉండాలన్న నియమానికీ ఒక కథ ఉంది. 1979 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో ఇంగ్లండుతో జరిగిన టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో ఆడాడు. అది బంతిని పాడుచేస్తోందని ఇంగ్లండు కెప్టెన్ మైక్ బ్రియర్లీ ఫిర్యాదు చేశాడు. కొంత రభస జరిగాక లిల్లీ ఆ బ్యాటును విసిరికొట్టి చెక్క బ్యాటు తీసుకున్నాడు. ఆ తర్వాత బ్లేడు చెక్కతోనే చేయాలని నియమాలలో స్పష్టంగా రాశారు.

కాబట్టి ముప్పై వేల బ్యాటు, రెండు వేల బ్యాటు ఒకే కొలతల పరిధిలో ఉన్న చెక్క ముక్కలే.

విల్లో చెక్కే ఎందుకు?

మన ప్రాంతంలో టేకు ఉంది, వేప ఉంది, నల్లతుమ్మ ఉంది. అవి గట్టి చెక్కలు. వాటితో బ్యాటు ఎందుకు చేయరు? జవాబు సాంద్రతలో దొరుకుతుంది.

సాంద్రత అంటే ఒక ఘన సెంటీమీటరు చెక్క బరువు ఎన్ని గ్రాములో చెప్పే సంఖ్య. ఎండిన విల్లో చెక్క సాంద్రత సుమారు 0.4 గ్రాములు. టేకుకు సుమారు 0.65, నల్లతుమ్మకు సుమారు 0.8. ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. బ్లేడు ఘనపరిమాణం 2,200 ఘన సెం.మీ., విల్లో సాంద్రత 0.42 అనుకుంటే, విల్లో బ్లేడు 924 గ్రాములు తూగుతుంది. అదే బ్లేడును టేకుతో చేస్తే 1,430 గ్రాములు, నల్లతుమ్మతో చేస్తే 1,760 గ్రాములు. దానికి పిడి బరువు కూడా కలపండి. దానిని ఎత్తి, వేగంగా వచ్చే బంతికి అడ్డంగా తిప్పడం పెద్దవాళ్ళకే కష్టం.

మరి తేలికైన చెక్కలు ఇంకా ఉన్నాయి కదా, బూరుగు చెక్కతో చేయకూడదా అని మీరడగవచ్చు. బూరుగు చెక్క తేలికే కాని, తోలు బంతి దెబ్బకు సొట్టలు పడి చితికిపోతుంది. విల్లో ప్రత్యేకత ఏమిటంటే అది తేలికగా ఉంటూనే దెబ్బను ఓర్చుకుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే దాని దారువులో పలుచని గోడలున్న కణాలు, సన్నని నాళాలు కనిపిస్తాయి. చెక్క ఎండినప్పుడు వాటిలోని నీరు పోయి గాలి మిగులుతుంది. అందుకే తేలిక. పొడవైన నారకణాలు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. అందుకే దెబ్బ తగిలిన చోట చెక్క పెళుసుగా విరగకుండా కొద్దిగా లోపలికి నొక్కుకుని మళ్ళీ పైకి వస్తుంది. ఈ గుణాన్నే స్థితిస్థాపకత అంటారని మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు.

బ్యాటు తయారీలో ఇంకొక పని కూడా చేస్తారు. బ్లేడు ముఖాన్ని ఇనుప రోలర్ల కింద గట్టిగా నొక్కుతారు. దానితో పైపొరలోని కణాలు దగ్గరకు చేరి గట్టి తోలులా తయారవుతాయి. లోపలి చెక్క మెత్తగానే ఉంటుంది. పైన గట్టి పొర, కింద స్ప్రింగులాంటి పొర. మరీ ఎక్కువగా నొక్కితే బంతి చురుకుగా ఎగరదు. మరీ తక్కువగా నొక్కితే బ్యాటు త్వరగా పగులుతుంది. తయారీదారుడి నేర్పంతా ఈ మధ్యస్థితిని పట్టుకోవడంలోనే ఉంది.

పిడిని విల్లోతో చేయరు. పేము బెత్తాల ముక్కలను అతికించి, మధ్యలో రబ్బరు పొరలు పెట్టి చేస్తారు. దానిని బ్లేడులోకి ‘వి’ ఆకారంలో దించి జిగురుతో బిగిస్తారు. దెబ్బ వల్ల పుట్టిన కంపనాలను పేము, రబ్బరు చాలావరకు మింగేస్తాయి. లేకపోతే బంతి తగిలినప్పుడల్లా మీ అరచేతులు జివ్వుమంటాయి.

రెండు దేశాల విల్లో

విల్లో చెట్ల ప్రజాతి పేరు సాలిక్స్. మన ఏటి గట్ల మీద పెరిగే ఏటిపాల చెట్టు కూడా ఈ ప్రజాతిదే. బ్యాట్లకు పనికివచ్చేది మాత్రం చలిదేశపు తెల్ల విల్లో, అంటే సాలిక్స్ ఆల్బా.

ఇంగ్లీషు విల్లో అనేది దానిలో సిరూలియా అనే రకం. ఇంగ్లండులో ఎసెక్స్, సఫోక్ వంటి జిల్లాలలో వాగుల పక్కన తేమ నేలల్లో దీనిని నాటుతారు. చెట్టు నిటారుగా, త్వరగా పెరుగుతుంది. పదిహేను, ఇరవై ఏళ్ళకు కోతకు వస్తుంది. మొద్దును రంపంతో పలకలుగా కోయరు. నారల వెంట చీలుస్తారు. ఎందుకంటే రంపం నారలను అడ్డంగా తెంచుతుంది. చీలిక నారల దారినే పోతుంది. అందువల్ల బ్లేడులో నారలు పైనుంచి కిందివరకు తెగకుండా ఉంటాయి. చీలికల చివర్లకు మైనం పూసి ఆరబెడతారు. నారల కొసల నుంచి నీరు త్వరగా ఆరిపోయి పగుళ్ళు రాకుండా ఈ ఏర్పాటు. ఈ చీలికలు ఓడల మీద మన దేశానికి వచ్చి, మీరట్, జలంధర్ నగరాల్లోని కర్మాగారాలలో బ్యాట్లు అవుతాయి. దూరం నుంచి రావడం, దొరికేది తక్కువ కావడం, ప్రపంచమంతా అడగడం, ఈ మూడూ కలిసి దాని ధరను పెంచుతాయి.

కాశ్మీరు విల్లో మన దేశంలోనే పెరుగుతుంది. జమ్ము నుంచి శ్రీనగర్ వెళ్ళే రహదారిలో, అనంతనాగ్ జిల్లాలోని బిజ్‌బెహారా, సంగమ్ ప్రాంతాలలో రోడ్డు పక్కన ఈ చీలికలను గూళ్ళలా పేర్చి ఆరబెట్టిన దృశ్యం కనిపిస్తుంది. బ్యాట్లు చేసే కార్ఖానాలు అక్కడ వందల సంఖ్యలో ఉన్నాయి. అక్కడి నేల వేరు, వాతావరణం వేరు. ఆ చెక్క ఇంగ్లీషు విల్లో కంటే సాధారణంగా కొంచెం ఎక్కువ సాంద్రతతో, కొంచెం గట్టిగా, కొంచెం గోధుమ రంగుతో ఉంటుంది. అందువల్ల ఒకే ఆకారంలో చేసినప్పుడు కాశ్మీరు బ్యాటు కాస్త బరువుగా తూగుతుంది. బంతి ఎగరడం కాస్త తక్కువ. కాని దెబ్బలను బాగా ఓర్చుకుంటుంది.

కాశ్మీరు విల్లో అంటే తక్కువ రకమని చిన్నచూపు చూడకండి. 2021 టి20 ప్రపంచ కప్పులో ఒమాన్ ఆటగాళ్ళు కాశ్మీరు బ్యాట్లు పట్టుకుని ఆడారు. 2022 ప్రపంచ కప్పులో యు.ఎ.ఇ. ఆటగాడు జునైద్ సిద్దిఖీ శ్రీలంకపై కొట్టిన సిక్సరు 109 మీటర్ల దూరం పోయింది. ఆ బ్యాటు కూడా కాశ్మీరు విల్లోనే.

జాగ్రత్త! ‘పాపులర్ విల్లో’

చవక బ్యాట్ల మీద ‘పాపులర్ విల్లో’ అని రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. పాపులర్ అంటే ‘అందరూ మెచ్చినది’ అనుకుంటారు మన పిల్లలు. నిజానికి అది పాప్లర్ అనే వేరే చెట్టు పేరు. ప్లైవుడ్డుకు, అగ్గిపుల్లలకు, పండ్ల పెట్టెలకు వాడే చెక్క అది. పాప్లర్, విల్లో రెండూ సాలికేసీ అనే ఒకే కుటుంబానికి చెందినవి. రెండింటి సాంద్రత దాదాపు సమానం. అందుకే చేతికెత్తుకుంటే తేడా తెలియదు. కాని పాప్లర్ విల్లో అంత దెబ్బను ఓర్చుకోలేదు. తోలు బంతి తగిలితే ముఖం సొట్టలు పడి, అంచులు చీలిపోతాయి.

మా బడి పిల్లలు ఒకసారి తలా కొంత వేసుకుని జట్టుకు ఒక బ్యాటు తెచ్చుకున్నారు. మెరిసే స్టిక్కర్లు, ముఖమంతా తెల్లని పూత. కొట్టువాడు కాశ్మీరు విల్లో అని చెప్పి దానికి తగ్గ ధరే తీసుకున్నాడు. మూడో మ్యాచిలోనే అంచు నిలువునా చీలింది. పూత గీకి చూస్తే విల్లో గీతలు లేవు. పదకొండు ఇళ్ళవాళ్ళు ఇచ్చిన డబ్బు అది. పిల్లల డబ్బు కనుక మోసం చిన్నదని ఎలా అనగలం?

పాప్లర్ బ్యాటు అసలు పనికిరాదని కాదు. టెన్నిస్ బంతితో ఆడుకునేవారికి అది చాలు. పాప్లర్‌ను పాప్లర్ ధరకే కొనాలి. కాశ్మీరు ధరకు కొనకూడదు. అంతే.

గీతలు చెప్పే కథ

బ్లేడు ముఖం మీద పైనుంచి కిందికి సమాంతరంగా గీతలు ఉంటాయి. వీటినే ‘గ్రెయిన్లు’ అంటారు. ఇవి చెట్టు వార్షిక వలయాలు. చెట్టు ఏడాదికొక వలయం వేస్తుందని మీరు జీవశాస్త్రంలో చదివారు. మొద్దును నిలువునా చీల్చినప్పుడు ఆ వలయాలే గీతలుగా కనిపిస్తాయి. గీతల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే ఆ చెట్టు త్వరగా పెరిగిందని, దగ్గరగా ఉంటే నిదానంగా పెరిగిందని అర్థం.

దగ్గర గీతల బ్యాటు కొత్తలోనే బాగా ఆడుతుందని, ఎడం గీతల బ్యాటు కొంత ఆడాక పుంజుకున్నా ఎక్కువ కాలం మన్నుతుందని తయారీదారులు అంటారు. ఏడాదికి ఒక్క బ్యాటుకే స్తోమత ఉన్న విద్యార్థికి ఎన్ని గీతలున్నాయన్నది ముఖ్యం కాదు. అవి నిటారుగా, తెగకుండా కిందిదాకా పోయాయా అన్నదే ముఖ్యం. గీతలు ఏటవాలుగా అంచుకు వెళ్ళి ఆగిపోతే, చెక్క ఆ దారినే చీలే ప్రమాదం ఉంది.

ఇక రకాల విషయం. ఇంగ్లీషు విల్లోలో మొదటి రకం, రెండో రకం అంటూ ఉంటాయి. ఈ వర్గీకరణ చాలావరకు కంటికి కనిపించేదాన్ని బట్టి చేసేదే. తెల్లగా, మచ్చ లేకుండా, గీతలు సమానంగా ఉంటే మొదటి రకం. ఒక పక్క ఎర్రని చారగాని, చిన్న గోధుమ మచ్చగాని ఉంటే ధర తగ్గిపోతుంది. ఎర్రని చార అంటే చెట్టు నడిమిలోని చేవ చెక్క. తెల్లనిది దాని చుట్టూ ఉండే లేత చెక్క. చేవ ఉన్నంత మాత్రాన బ్యాటు చెడ్డది కాదు. అందానికి తగ్గిన ధర మనకు లాభమే. అయితే మచ్చ వేరు, పగులు వేరు, కణుపు వేరు. అంచున కణుపు గాని, ఎక్కడైనా పగులు గాని ఉంటే వదిలేయండి.

ఏ బంతికి ఏ బ్యాటు?

టెన్నిస్ బంతి మెత్తన. బ్యాటును తాకినప్పుడు బంతే బాగా నొక్కుకుంటుంది. చెక్క నొక్కుకునేది చాలా తక్కువ. కనుక చెక్క స్థితిస్థాపకత వల్ల వచ్చే లాభం కూడా తక్కువే. అలాంటి ఆటకు ఖరీదైన ఇంగ్లీషు విల్లో దండగ. పాప్లర్ లేదా సాధారణ కాశ్మీరు విల్లో చాలు.

తోలు బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. గట్టిది. దానిని ఓర్చుకోవాలంటే విల్లోయే కావాలి. సిమెంటు పిచ్చి మీద, గరుకు మైదానాల్లో, ఒక బ్యాటును నలుగురైదుగురు పంచుకుని ఆడే మన బడుల జట్లకు కాశ్మీరు విల్లో సరైనది. మంచి కాశ్మీరు బ్యాటు సుమారు పదిహేను వందల నుంచి మూడు వేల రూపాయలలో దొరుకుతుంది. రోజూ శిక్షణలో ఉండి, జిల్లా స్థాయిలో ఆడేవారు ఇంగ్లీషు విల్లో గురించి ఆలోచించవచ్చు. అప్పుడైనా మచ్చలున్న తక్కువ రకం చాలు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. బంతి బ్యాటులో ఎక్కడ తగిలిందన్నది చెక్క రకం కంటే ఎక్కువ తేడా తెస్తుంది. బ్లేడు అడుగు కొస నుంచి సుమారు 15 సెం.మీ. పైన బంతి చురుకుగా ఎగిరే చోటు ఉంటుంది. అక్కడ తగిలితే బ్యాటులో కంపనాలు తక్కువ, బంతికి అందే శక్తి ఎక్కువ. కొసకు తగిలితే ముప్పై వేల బ్యాటు కూడా చేతిని జివ్వుమనిపిస్తుంది.

బరువు మోసం

‘బరువైన బ్యాటుతో కొడితే బంతి దూరం పోతుంది’ అని చాలామంది నమ్మకం. లెక్క చేసి చూద్దాం. గతిశక్తి అంటే ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవడం. ఒక విద్యార్థి 1.1 కిలోల బ్యాటును సెకనుకు 20 మీటర్ల వేగంతో తిప్పగలడనుకుందాం. గతిశక్తి 220 జౌళ్ళు. అతడే 1.3 కిలోల బ్యాటును 17 మీటర్ల వేగంతోనే తిప్పగలిగితే గతిశక్తి సుమారు 188 జౌళ్ళు. బరువు పెరిగింది, శక్తి తగ్గింది! ఎందుకంటే సూత్రంలో బరువు ఒక్కసారే వస్తుంది, వేగం రెండుసార్లు వస్తుంది. పైగా బరువైన బ్యాటును సమయానికి దించలేక బంతిని వదిలేస్తారు.

కాశ్మీరు బ్యాట్లు కాస్త బరువుగా ఉంటాయని చెప్పుకున్నాం కదా. కనుక వాటిని ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మరీ గుర్తుంచుకోండి. ఒకే నమూనాలో నాలుగు బ్యాట్లు తూకం వేయించి, తేలికైనది తీసుకోండి. కొలత కూడా మీ ఎత్తుకు తగినదై ఉండాలి. సుమారు అయిదడుగుల ఎత్తున్నవారికి 6వ నంబరు, అయిదడుగుల నాలుగంగుళాల వారికి హారో సైజు సరిపోతుంది. ‘వచ్చే ఏడు ఎదుగుతాడు కదా’ అని చొక్కా కొన్నట్టు పెద్ద బ్యాటు కొంటే ఆ ఏడాదంతా ఆట పాడవుతుంది.

కొట్టులో చేయవలసిన పరీక్షలు

1. ముఖం మీద గీతలు కంటికి కనిపించే బ్యాటునే అడగండి. మొత్తం పూతతోనో, టేపుతోనో కప్పేసిన బ్యాటు లోపల ఏ చెక్క ఉందో చెప్పలేం.

2. ముఖం మీద గీతలను చూశాక బ్లేడు అడుగు కొసను చూడండి. అవే గీతలు అక్కడ కూడా కొనసాగాలి. ముఖం మీద మాత్రమే ఉండి కొసలో లేకపోతే అవి రంగుతో వేసినవి కావచ్చు.

3. పిడి పైకొసను రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని బ్యాటును వేలాడదీయండి. ఒక బంతితో బ్లేడు మీద కిందినుంచి పైకి తట్టుకుంటూ పోండి. ఒక చోట పిడిలో కంపనం దాదాపు తెలియదు. అదే చురుకైన చోటు. అది ఎంత మేర ఉంటే అంత మంచిది.

4. పైచేతితో మాత్రమే పట్టుకుని బ్యాటును భుజం ఎత్తుకు లేపి, పదిసార్లు ఆడినట్టు తిప్పండి. మణికట్టు వణికితే అది మీ బ్యాటు కాదు.

5. పిడి, బ్లేడు కలిసే చోట సందు ఉందేమో గోటితో తడిమి చూడండి. సందుంటే తీసుకోవద్దు.

6. బంతి తట్టినప్పుడు శబ్దం వినండి. ఆరిన, పగులు లేని చెక్క ఖంగుమంటుంది. తడి ఉన్నది, లోపల పగిలినది బొద్దుగా మోగుతుంది.

ఇంటికి తెచ్చాక

కొత్త బ్యాటుతో వెంటనే మ్యాచికి వెళ్ళకండి. పచ్చి అవిసె నూనెను గుడ్డతో పలుచగా ముఖానికి, అంచులకు, అడుగు కొసకు పట్టించండి. రోజు విడిచి రోజు రెండు పూతలు చాలు. పిడి దిగిన చోట నూనె వేయవద్దు. అక్కడి జిగురు సడలుతుంది. ముఖానికి పారదర్శకమైన కాగితం అతికించి ఉంటే దాని మీద నూనె అక్కరలేదు. చెక్కలో సుమారు పది, పన్నెండు శాతం తేమ ఉండాలి. మన ఎండాకాలంలో ఇది ఇంకా తగ్గి చెక్క పెళుసెక్కుతుంది. నూనె పూత ఆ తేమను కాపాడుతుంది. ఎక్కువ నూనె పోస్తే మాత్రం బ్యాటు బరువెక్కి మొద్దుబారుతుంది.

ఆ తర్వాత చెక్క సుత్తితోగాని, పాత తోలు బంతితోగాని ముఖాన్ని మెల్లగా, క్రమంగా బలం పెంచుతూ తట్టాలి. రోజుకు పావుగంట చొప్పున మొత్తం నాలుగైదు గంటలు. రోలర్లు మొదలుపెట్టిన పనిని మీరు పూర్తిచేస్తున్నారన్నమాట. అంచులను నిలువుగా కొట్టకండి, ఏటవాలుగా తట్టండి. ఎండలో, తడి నేల మీద, సైకిలు క్యారియరుకు కట్టి బ్యాటును వదిలేయకండి. ఈ శ్రద్ధ తీసుకున్న రెండు వేల బ్యాటు, తీసుకోని పది వేల బ్యాటు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మీరే చేసి చూడండి

ప్రయోగం 1: వడ్రంగి వద్ద టేకు, వేప, నల్లతుమ్మ, పాప్లర్ తుంపులు అడిగి తెచ్చుకోండి. 10 సెం.మీ. పొడవు, 5 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. మందంతో కోయించండి. ఘనపరిమాణం 200 ఘన సెం.మీ. ఒక్కొక్కదాన్ని తూచి, బరువును 200తో భాగించండి. అదే సాంద్రత. ఇప్పుడు ముక్కను నీటిలో వదిలి, మందంలో ఎంత భాగం మునిగిందో వెంటనే కొలవండి. ఆర్కిమెడీస్ సూత్రం ప్రకారం రెండు జవాబులూ దాదాపు ఒకటే రావాలి. బ్యాటును మాత్రం నీటిలో ముంచకండి!

ప్రయోగం 2: బ్యాటును నేల మీద వెల్లకిలా పెట్టి, పిడి కింద మడిచిన గుడ్డ పెట్టి కదలకుండా చూడండి. పక్కన మీటరు స్కేలు నిలబెట్టండి. ఒక మీటరు ఎత్తు నుంచి తోలు బంతిని వదిలి, ఎంత ఎత్తుకు లేచిందో చూడండి. అడుగు కొస నుంచి మొదలుపెట్టి అయిదేసి సెంటీమీటర్లు జరుపుతూ ప్రతిచోటా అయిదుసార్లు చేసి సగటు తీసి గ్రాఫు గీయండి. బంతి 36 సెం.మీ. లేచిందనుకుందాం. 36ను 100తో భాగించి వర్గమూలం తీస్తే 0.6 వస్తుంది. దీనిని ప్రత్యావస్థాన గుణకం అంటారు. బంతి తాకిన వేగంలో ఎంత వంతు వేగంతో వెనక్కి లేచిందో ఇది చెబుతుంది. మీ జట్టులో ఉన్న వేర్వేరు బ్యాట్లకు ఈ సంఖ్య కట్టి, వాటి ధరల పక్కన రాసి చూడండి. ధర పదింతలైనచోట గుణకం ఎన్నింతలైందో మీకే తెలుస్తుంది.

విల్లో కొరత రాబోయే రోజుల్లో పెరగవచ్చు. కాశ్మీరులో విల్లో నరికిన చోట త్వరగా పెరిగే పాప్లర్ నాటుతున్నారని, చెక్క దొరకడం కష్టమవుతోందని అక్కడి తయారీదారులు అంటున్నారు. వేరే మార్గాలు కూడా వెతుకుతున్నారు. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు వెదురు పొరలను అతికించి బ్యాటు చేశారు. అది విల్లో కంటే బిగువుగా ఉండి బంతిని చురుకుగా పంపిందని, కాని బరువు ఎక్కువైందని చెప్పారు. వెదురు మన అడవుల్లో కావలసినంత ఉంది. అయితే వృక్షశాస్త్రం ప్రకారం అది చెట్టు కాదు, గడ్డి జాతి మొక్క. బ్లేడు చెక్కతోనే ఉండాలన్న నియమం దానికి అడ్డు వచ్చింది. పెద్దయ్యాక మీలో ఎవరైనా ఈ చిక్కు ముడి విప్పవచ్చు. అంతవరకు కొట్టులో బ్యాటు చేతికి తీసుకున్నప్పుడు స్టిక్కరు మీది పేరు తర్వాత చదవండి. ముందు చెక్కను చదవండి.

ఆలోచించండి

1. విల్లో మొద్దును రంపంతో కోయకుండా చీల్చడం వల్ల లాభమేమిటి?

2. 200 ఘన సెం.మీ. చెక్క ముక్క 90 గ్రాములు తూగింది. నీటిలో దాని మందంలో ఎంత శాతం మునుగుతుంది?

3. రెండు బ్యాట్లూ ఒకే బరువు తూగినా, ఒకటి తిప్పడానికి తేలికగా, మరొకటి బరువుగా అనిపిస్తుంది. కారణం ఏమై ఉంటుంది?

4. మీ జట్టు దగ్గర రెండు వేల అయిదు వందల రూపాయలు ఉన్నాయి. తోలు బంతితో, సిమెంటు పిచ్చి మీద ఆడతారు. ఏ చెక్క ఎంచుకుంటారు? కొట్టులో ఏమేమి చూస్తారు? కారణాలతో రాయండి.